ఏటేటి బుట్టబంతి: ఒక వీడియో గేమునకు పరీక్ష



నేటి ప్రసంగమునకు విషయము ఒక వీడియో గేము. శబ్దమంజరియు బాలవ్యాకరణమును చేతబట్టి జీవితము గడపిన తెలుగు పండితునకు ఆ వస్తువుతో పని యేమని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. నవ్వుటకు కారణము లేకపోలేదు. కాని యొక్క మాట ఆలోచింపుడు. ఆ వస్తువును కోరువారు మన మనుమలు; దానికి వెల చెల్లించువారము మనము. మనలో ఎవడైనను సంతలో ఎద్దును కొనునపుడు పండ్లు లెక్కించును, సుడులు చూచును, నాలుగడుగులు నడిపించి నడక చూచును. పిమ్మటనే రొండినున్న పైకము తీయును. అట్టి మనము వేల రూపాయల యాటవస్తువును కొనునపుడు పిల్లవాని ముఖము తప్ప మరేమియు చూడకున్నాము. ఎద్దునకు చేయు పరీక్ష దీనికేల చేయరాదు? ఆ పరీక్ష ఎట్లు చేయవలయునో, చేసిన పిమ్మట నాకు తోచిన తీర్పు ఏమో నేడు మీకు విన్నవింతును.

నేను పరీక్షకు గైకొన్నది ఎన్.బి.ఏ. 2కే అను బాస్కెట్‌బాల్ వీడియో గేము. ఎన్.బి.ఏ. యనగా అమెరికాలోని జాతీయ బాస్కెట్‌బాల్ సంఘము. ఈ యాటకు ఏటేట ఒక క్రొత్త ప్రతి వెలువడును. అది సాధారణముగా సెప్టెంబరు మాసమున వచ్చును. 2025 సెప్టెంబరు 5వ తేదీన వచ్చిన ప్రతికి 2కే26 అని పేరు. పేరులోని సంఖ్య వచ్చిన సంవత్సరమును గాక రానున్న సంవత్సరమును చెప్పును. ఉగాదికి ముందే క్రొత్త పంచాంగము అంగడికి వచ్చినట్లే యనుకొనుడు. ఈ పోలికను మనస్సున నుంచుకొనుడు. ముందు దీనితో పని కలదు.

నేను నాదర్‌గుల్ నివాసిని. దిల్‌సుఖ్‌నగరు, ఎల్.బి. నగరు దాటి తూర్పునకు వ్యాపించిన హైదరాబాదు మహానగరము మా పొలిమేరను దాటి చాల దినములైనది. ఒకనాడు జొన్నచేలుగా నున్న నేల నేడు ప్లాట్లు, మేడలు, పాఠశాలలుగా మారినది. 1981లో స్థాపింపబడిన ఎం.వి.ఎస్.ఆర్. ఇంజనీరింగు కళాశాల మా గ్రామమునందే యున్నది. చిన్న విమానముల మైదానమును కలదు. విమానము నడుపుట నేర్చు విద్యార్థులు అచ్చట శిక్షణ పొందుచు వచ్చిరి. మేడలు పెరిగినకొలది పిల్లలు పరుగెత్తు బయలు తగ్గినది. ఇందు ఎవ్వరిని తప్పుపట్టుటకు నేను రాలేదు. కాని పిల్లవాడు బంతిని వీధిలో గాక తెరమీద వెదకుకొనుటకు ఇదియు నొక హేతువని మరువరాదు.

మొదట అసలు బంతియాటను గూర్చి కొంచెము చెప్పెదను. అసలు తెలియనిదే నకలును పరీక్షింపలేము. బాస్కెట్‌బాల్ పురాణకాలపు క్రీడ కాదు. 1891 డిసెంబరు మాసమున అమెరికాలో మసాచుసెట్సు రాష్ట్రమున, స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున, జేమ్స్ నైస్మిత్ అను ఉపాధ్యాయుడు దీనిని కల్పించెను. అతడు వై.ఎం.సి.ఏ. శిక్షణాలయమున వ్యాయామము నేర్పువాడు. వెలుపల మంచు, లోపల విద్యార్థుల యల్లరి. నాలుగు గోడలనడుమ, ఒకరినొకరు తొక్కుకొనకుండ ఆడుటకు ఒక యాట కావలసివచ్చెను. అతడు రెండు పెట్టెలను తెమ్మని యడుగగా పనివాడు పీచుపండ్ల బుట్టలను తెచ్చెనట. వానిని వసారా కొంగునకు మేకులతో బిగించిరి. ఆ యెత్తు పది యడుగులు. నేటికిని, ప్రపంచమున ఎచ్చటనైనను పెద్దల యాటలో ఆ వలయము పది యడుగుల యెత్తుననే యుండును. తొలి నియమములు 13. ఒక యుపాధ్యాయుడు తన తరగతికొరకు వ్రాసిన పదమూడు వాక్యములు 1936 నాటికి బెర్లిను ఒలింపిక్సు వరకు పోయెను. నైస్మిత్ దానిని కన్నులార చూచెను. ఉపాధ్యాయవృత్తిలోనివాడను గనుక ఈ సంగతి చెప్పునపుడు నాకు కించిత్తు గర్వము కలుగుచున్నది.

మన దక్షిణదేశమున ఈ క్రీడ వ్యాపించుటకు 1920లో మద్రాసునందు హ్యారీ క్రో బక్ అను నాతడు స్థాపించిన వై.ఎం.సి.ఏ. వ్యాయామ కళాశాల తోడ్పడినది. కోస్తా, రాయలసీమ జిల్లాలు నాడు చెన్నరాజధానిలోనివే గదా. చెడుగుడు నెరిగిన మనకు దీని మర్మము తెలియుట కష్టము కాదు. చెడుగుడులో కూతకు పోయినవాని యూపిరియే కాలమానము. ఊపిరి తెగకముందే పని ముగింపవలయును. అమెరికా సంఘము 1954లో అట్టి నియమమునే పెట్టినది: బంతి చేతికి వచ్చిన జట్టు 24 సెకనులలోపల బుట్టకు గురిచూచి విసరవలయును. అయిదుగురు ఒక ప్రక్క, అయిదుగురు ఒక ప్రక్క. 94 అడుగుల పొడవు, 50 అడుగుల వెడల్పు గల అంగణము. 12 నిమిషముల భాగములు నాలుగు. ఇంతియే దాని వ్యాకరణము.

ఇక నకలును చూతము. 2కే క్రీడ తొలిప్రతి 1999లో వెలువడినది. చేసినవారు విజువల్ కాన్సెప్ట్స్ అను సంస్థవారు. అమ్మినవారు జపానుదేశపు సెగా కంపెనీవారు. 2005లో టేక్ టూ అను అమెరికా కంపెనీ ఆ సంస్థను కొనుటతో నేటి 2కే పేర క్రీడ కొనసాగుచున్నది. దీనిని ఆడుటకు ప్లేస్టేషను వంటి యంత్రమో, బలమైన కంప్యూటరో కావలయును. రెండు చేతులలో ఇముడు మీటల పెట్టెను పట్టుకొని, తెరమీది యాటగానిని నడిపింపవలయును.

నేను పదిదినములపాటు రోజునకొక గంట మనుమని ప్రక్కన కూర్చుండి దీనిని చూచితిని. తుదిలో మీటలు నేనును పట్టితిని. నా పరీక్షకు మూడు ప్రశ్నలు పెట్టుకొంటిని. ఒకటి: ఇది అసలు క్రీడకు ఎంతవరకు నిజమైన ప్రతిబింబము? రెండు: ఏటేట క్రొత్తదియని వెలగొన్నందులకు క్రొత్తదనమెంత? మూడు: వెల చెల్లించిన పిమ్మట నైనను చేయి చాచుట మానునా?

మొదటి ప్రశ్నకు సమాధానము నిష్పక్షపాతముగా చెప్పెదను: ప్రతిబింబము అద్భుతము. తెరమీది మనుష్యుడు కీలుబొమ్మవలె కదలడు. 2023లో వచ్చిన 2కే24 మొదలుకొని, నిజమైన పోటీల చలనచిత్రములనుండియే ఆటగాండ్ర కదలికలను గ్రహించి యంత్రమునకు నేర్పు పద్ధతిని అవలంబించిరి. దానికి ప్రోప్లే యని పేరు పెట్టిరి. బంతిని విసరువేళ ఒకడు మోచేతిని ఎట్లు మడచునో, ఇంకొకడు ఎగిరి ఎట్లు నిలుచునో ఆ భేదము తెరమీదను కానవచ్చును. మీటను అదిమి సరియైన క్షణమున విడిచిననే బంతి బుట్టలో పడును. అర క్షణము ముందైనను వెనుకైనను తప్పును. ఆ నేర్పును జూచినప్పుడు గోలీకాయను వ్రేలితో ఎక్కుపెట్టు బాలుని చూపు నాకు స్మరణకు వచ్చినది.

అంతకంటె ముఖ్యమైనది వేరొకటి. ఒకనాడు నేను మనుమని చేతికి సుద్దముక్క నిచ్చి, ఆ యాటలో అయిదుగురు ఎచ్చట నిలువవలయునో నేలమీద గీసి చూపుమంటిని. వాడు జంకక గీసెను. "తాతా, వీడు అడ్డంగ గోడ లెక్క నిలవడ్తడు, బంతి ఉన్నోడు వీని పక్కనుంచి ఉరుకుతడు, అప్పుడు కాపలాగాడు ఇద్దర్ల ఎవర్ని పట్టాల్నో తెల్వక ఆగిపోతడు" అని వివరించెను. ఇది యుద్ధశాస్త్రమున వ్యూహము వంటిది. బాస్కెట్‌బాల్ అంగణమున ఎన్నడును అడుగిడని బాలునకు ఆ క్రీడ యొక్క బుద్ధి అలవడినది. దీనిని నేను చిన్నదిగా ఎంచను.

అయినను ప్రతిబింబము ప్రతిబింబమే. మా గ్రామపు విమాన మైదానమును ముందు పేర్కొంటిని గదా. విమాన విద్యార్థులకును అనుకరణ యంత్రములు కలవు. అందు కూర్చుండి మేఘమును గాలిని ఎదుర్కొను విధము నేర్తురు. అది యుపయోగకరమే. కాని ఆకాశమున నిజముగా ఎగిరిన గంటలు లేనిదే వానికి పట్టా ఈయరు. వీడియో గేమును అట్టిదే. బంతి బరువు, అరచేతి చెమట, ఎగసిన యూపిరి, పడి లేచిన మోకాలు, ఓడినపుడు ఎదుటివాని చేయి పట్టుకొని నవ్వవలసిన సంస్కారము, వీనిని తెర ఈయజాలదు. 2015లో పంజాబు గ్రామసీమకు చెందిన సత్నామ్ సింగ్ భమరా అమెరికా సంఘపు జట్ల ఎంపికలో డాలసు జట్టువారిచే ఎన్నుకొనబడెను. భారతదేశమున పుట్టినవారిలో అట్లు ఎన్నికైన మొదటివాడు ఆతడే. ఆ యువకుని అచ్చటికి చేర్చినది తెర కాదు, నేలమీద కొట్టిన బంతి.

ఇక రెండవ ప్రశ్న. ఇచ్చటనే నా పండితవిద్య కొంత అక్కరకు వచ్చినది. పుస్తకములలో రెండు జాతులు కలవు. ఒకటి వ్యాకరణము, రెండవది పంచాంగము. చిన్నయసూరి బాలవ్యాకరణము 1858లో వెలువడినది. నేటికిని విద్యార్థి దానినే చదువుచున్నాడు. తాత కొన్న ప్రతి మనుమనికి పనికివచ్చును. పంచాంగము అట్లు కాదు. తిథివారనక్షత్రములు మారును గనుక ఏటేట క్రొత్తది కొనక తప్పదు. కాని పంచాంగమును చౌకగా అమ్ముదురు. ఏల? అందు మారినది ఆ యేటి లెక్క మాత్రమే, శాస్త్రము పాతదే. ఈ న్యాయము అమ్మువానికి కొనువానికి కూడ తెలిసినదే.

2కే క్రీడయందు వ్యాకరణమేది, పంచాంగమేది? అంగణము, బుట్ట, నియమములు, పరుగు, విసరు, యంత్రపు మేధ: ఇది వ్యాకరణము. ఏ యాటగాడు ఈ యేట ఏ జట్టున నున్నాడు, క్రొత్తగా ఎవరు చేరిరి, ఎవని బలమెంత యని నూటికి లోపుగా వేయు అంకె, అట్టమీది బొమ్మ: ఇది పంచాంగము. 2కే26 అట్టమీద షే గిల్జియస్ అలెగ్జాండర్ బొమ్మ నుంచిరి. కెనడా దేశస్థుడైన అతడు ఓక్లహోమా సిటీ జట్టును 2025 జూనులో విజేతగా నిలిపి, ఆ సంవత్సరపు ఉత్తమ క్రీడాకారుడని పేరొందెను. బొమ్మ తగినదే. కాని బొమ్మ మారుట పంచాంగపు పని.

వ్యాకరణమున నసలు మార్పే లేదని నేననను. కొన్ని యేండ్లలో మేలైన మార్పులు వచ్చినవి. 2019లో వచ్చిన 2కే20 ప్రతియందు మహిళల సంఘపు జట్లను మొదటిసారిగా చేర్చిరి. 2కే26లో మైటీమ్ అను విభాగమున స్త్రీపురుష క్రీడాకారులను ఒకే జట్టున కూర్చుటకు వీలు కల్పించిరి. ఆడపిల్లలు గల యిండ్లవారు దీనిని సంతోషముతో గుర్తింపవలయును. కదలికలు ఏటేట కొంత మెరుగుపడినవి. కాని ఆ మెరుగును రెండు మూడేండ్లకొకసారి జూచినచో గుర్తింపవచ్చును. ఏడాది తేడాతో జూచినచో నావంటివానికే కాదు, అలవాటుపడిన బాలునకు కూడ వెదకి చూపవలసివచ్చును. కాగా వెల మాత్రము పంచాంగపు వెల కాదు. 2025లో 2కే26 వెలువడినపుడు అమెరికాలో సాధారణ ప్రతి వెల 70 డాలర్లుగా నుండెను. మన నాణెమున లెక్కించినచో ఆరువేల రూపాయల చేరువ. మన దేశమున అంగడినిబట్టి, యంత్రమునుబట్టి వెల మారును. అనగా ఏటేట పంచాంగము మార్చి వ్యాకరణపు వెలను మరల గైకొనుచున్నారు.

ఇట్లేల జరుగుచున్నది? ఒక కారణము చెప్పెదను. ఒకనాడు ఈ సంతలో రెండంగళ్లుండెను. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అను వేరొక కంపెనీ 1994 మొదలుకొని ఎన్.బి.ఏ. లైవ్ అను పోటీక్రీడను అమ్ముచుండెను. ఆ కంపెనీకి మన హైదరాబాదునందును కార్యాలయము కలదు. 2018లో వచ్చిన ప్రతితో ఆ పెద్దయంత్రముల క్రీడ నిలిచిపోయెను. నాటినుండి నిజమైన జట్ల పేర్లతో అంతటి స్థాయిలో బాస్కెట్‌బాల్ క్రీడను చేయువారు వేరొకరు లేరు. ఒక్క యంగడి మిగిలిన సంతలో బేరమాడు గొంతునకు బలమేది?

పాతప్రతి చాలునని ఊరకుందమన్నచో దానికిని ఒక చిక్కు కలదు. ఈ క్రీడయందు కొన్ని విభాగములు కంపెనీవారి దూరపు యంత్రములతో ఇంటర్నెట్టు మూలమున కలిసి నడుచును. రెండేండ్లు దాటగానే ఆ యంత్రములను ఆపివేయుదురు. 2022 సెప్టెంబరున వచ్చిన 2కే23కు 2024 డిసెంబరు 31తో ఆ సేవ ముగిసినది. ఒంటరిగానో, ఇంటిలో ప్రక్కప్రక్కన కూర్చుండియో ఆడు సాధారణ పోటీలు మిగులును. స్నేహితులతో దూరమునుండి ఆడు ఆటయు, అందు కూడబెట్టిన జట్టును పోవును. పాత పంచాంగమైనను అటకమీద నుండును. ఇచ్చట కొన్న వస్తువులో కొంత భాగము అటకమీదనుండియే మాయమగును.

మూడవ ప్రశ్న అన్నిటికంటె ముఖ్యము. వెల చెల్లించి యింటికి తెచ్చిన క్రీడలోపల మరియొక యంగడి కలదు. అందు చెల్లునది రూపాయ కాదు, వీ.సీ. యను కల్పితనాణెము. పిల్లవాడు మైకెరీర్ అను విభాగమున తన పోలికతో ఒక యాటగానిని సృష్టించుకొనును. ఆ బొమ్మ మొదట బలహీనుడు. వానికి పరుగు, గురి, ఎగురుడు పెంచవలెనన్నచో వీ.సీ. కావలయును. దానిని చాలకాలమాడి కొద్దికొద్దిగా సంపాదింపవచ్చును. లేదా రూపాయలిచ్చి క్షణములో కొనవచ్చును. కష్టపడువాడును, కొనువాడును ఒకే అంగణమున ఎదురుపడుదురు. కొననివాడు ఓడి యింటికి వచ్చి తాతను అడుగును. ఈ యేట కొన్న వీ.సీ. మరుసటి యేటి ప్రతిలో చెల్లదు. ఉగాది దాటగానే చెల్లని నాణెమును ఏ రాజైనను ముద్రించెనా?

మైటీమ్ విభాగమున వేరొక విధమగు వ్యాపారము. అచ్చట ఆటగాండ్ర బొమ్మలుగల చీట్లను మూసిన పొట్లములుగా అమ్ముదురు. ఏ బొమ్మ వచ్చునో విప్పినదాక తెలియదు. మన బాల్యమున జాతరలో ఒకడు మడతకాగితములను పరచి, కానీ తీసికొని ఒకటి లాగనిచ్చువాడు. ఒకనికి అద్దము, పదిమందికి వట్టి కాగితము. ఇదియు అదియే, వెలుగులు మాత్రమెక్కువ.

ఇది జూదమా కాదా యని మీరడుగుదురు. మనుస్మృతి ప్రాణము లేనివానితో నాడు పందెమును ద్యూతమనియు, ప్రాణముగలవానిని పోరించి యాడు పందెమును సమాహ్వయమనియు విభజించినది. కోడిపందెము రెండవ జాతి. మూసిన పొట్లమునకు డబ్బిచ్చి భాగ్యమునకు ఎదురుచూచుట స్వభావమునుబట్టి మొదటి జాతికి చుట్టమని నా యభిప్రాయము. ఈ యభిప్రాయము నాదొక్కనిదే కాదు. 2018లో బెల్జియము దేశపు జూదనియంత్రణ సంఘము ఇట్టి పొట్లముల యమ్మకము జూదపు చట్టమునకు విరుద్ధమని నిర్ణయించెను. ఆ దేశమున 2కే వారు డబ్బునకు పొట్లములమ్ముట మానిరి. 2019లో 2కే20 ప్రకటన చిత్రమున జూదశాలలయందలి తిరుగుడు చక్రములను చూపగా లోకమున చాల నింద వచ్చెను. 2020లో వెలగొని తెచ్చుకొన్న క్రీడ నడుమ దాటవేయరాని వ్యాపారప్రకటనలను ప్రదర్శించి, పిమ్మట కంపెనీవారే అది పొరబాటని చెప్పుకొనిరి. 2023లో 2కే24 వెలువడినపుడు స్టీమ్ అను కంప్యూటరు ఆటల యంగడియందు కొన్నవారు వ్రాసిన యభిప్రాయములలో అత్యధికము ప్రతికూలములై యుండెను. అసంతృప్తికి చెప్పిన ముఖ్యకారణములలో ఈ లోపలి యంగడి యొకటి.

మన చట్టమేమనుచున్నది? తెలంగాణ ప్రభుత్వము 2017లో జూదపు చట్టమును సవరించి డబ్బు పందెములతో నాడు ఆన్‌లైను ఆటలను నిషేధించెను. 2025 ఆగస్టులో కేంద్రప్రభుత్వము చేసిన చట్టము డబ్బుపెట్టి డబ్బు గెలువ నాశించు ఆన్‌లైను ఆటలను దేశమంతట నిషేధించి, ఈ-స్పోర్ట్స్ అను నేర్పుపోటీలను వేరుచేసి ప్రోత్సహించెను. 2కే క్రీడలో గెలిచిన బొమ్మను కంపెనీవారు రూపాయలుగా మార్చి యీయరు. కావున చట్టము దీనిని రమ్మీ పందెముతో సమానముగా చూచునని నేను చెప్పజాలను. కాని ఇంటి పెద్దకు చట్టమొక్కటే కొలత కాదు. రమ్మీయందు పోగొట్టుకొన్నవాడు గెలుతునని యాశపడును. ఇచ్చట గెలిచినను చేతికి రూపాయ రాదు. ఆశకు అంతము లేదు, ఆదాయమునకు ఆదియే లేదు.

ఋగ్వేదము పదియవ మండలమున ముప్పదినాలుగవ సూక్తము ఒక జూదరి యాక్రందనము. దానిని చదివినవారికి తెలియును: ఆతడు పాచికను ద్వేషించుచునే పాచిక చప్పుడు వినినంతనే లేచిపోవును. ధర్మరాజు అడవులపాలైనది మొదటి పందెముతో కాదు. ఇంకొకటి, ఇంకొకటి యనుటచేత. మూసిన పొట్లము పిల్లవాని చెవిలో చెప్పునది ఆ యొక్క మాటయే.

మా వీథిలో ఒక యింట జరిగినది చెప్పెదను. అది ఈ క్రీడ కాదు, సెలఫోనులో నాడు వేరొక యాట. పింఛనుతో జీవించు ముసలమ్మ తన ఫోనును మనుమని కిచ్చి, గుడికి పోయి వచ్చుచుండెను. మనుమడు ఆమె రహస్యసంఖ్య నెరుగును. యాబదియును నూరునుగా మాసమంతయు పోవగా, మందులు కొనబోయిన దినమున లెక్క తేలెను. బాలుడు దొంగ కాడు. తెరమీద మీట నొక్కుట రూపాయ తీయుటయని వానికి తోచలేదు. నాణెమునకు వేరొక పేరు పెట్టుటలోని చమత్కారమదియే. రూపాయలైనచో చేయి వణకును, వీ.సీ. యైనచో వణకదు.

ఇక తీర్పు. ఉపాధ్యాయుడను గనుక మార్కుల రూపమున చెప్పెదను. క్రీడానుకరణమున 2కే26కు ప్రథమశ్రేణి. క్రొత్తదనమున అత్తెసరు మార్కులతో ఉత్తీర్ణత. లోపలి యంగడి విషయమున తప్పినది. మూడింటిని కలిపి సగటు కట్టరాదు. పాలు చిక్కగా నున్నవి గదాయని కుండ పగులును ఎవరును క్షమింపరు.

అట్లయిన కొనవచ్చునా, కొనరాదా? నా సలహాను క్రమముగా వినుడు.

పిల్లవాడు ఒంటరిగనో, అన్నదమ్ములతో ఇంటనో ఆడువాడైనచో ఈ యేటి ప్రతి యక్కరలేదు. గతసంవత్సరపు ప్రతి చాలును. క్రొత్తది వచ్చిన పిమ్మట పాతదాని వెల బాగుగా తగ్గును. దూరముననున్న స్నేహితులతో నాడువాడైనచో వాని మాటను ఆలకింపుడు. "అందరు కొత్తదాంట్ల ఆడ్తున్నరు తాతా, పాతదాంట్ల నేనొక్కణ్ణే ఉంట" అని నా మనుమడన్నప్పుడు అది మొండిపట్టు కాదని నేను గ్రహించితిని. ఆటస్థలము లేని కాలనీలలో స్నేహితులు కలిసికొను రచ్చబండ అదియే యైనది. అట్టివానికి కొనుడు, కాని ఏటేట కాదు, రెండు మూడేండ్లకొకసారి. ఇది ముందే చెప్పి యొప్పించుడు.

కొన్నదినముననే సంవత్సరపు మొత్తమును నిర్ణయింపుడు. క్రీడ వెల యింత, లోపలి యంగడికి సున్న. బ్యాంకు కార్డును గాని యు.పి.ఐ. రహస్యసంఖ్యను గాని ఆ యంత్రమునకు తెలియనీయకుడు. ప్లేస్టేషను, ఎక్సుబాక్సు యంత్రములలో పిల్లవానికి వేరుగ ఖాతా తెరచి వ్యయమునకు హద్దు పెట్టు ఏర్పాటు కలదు. మనకు తెలియకున్నచో ఇంటిలో చదువుకొన్న కొడుకుచేతనో కోడలిచేతనో అది చేయింపుడు. పిమ్మట పిల్లవానికి ఒక చిన్న లెక్కపుస్తకము నీయుడు. ఆడిన కాలము, అడిగిన డబ్బు వాడే వ్రాసికొనవలయును. తన చేతితో వ్రాసినదానిని తానే చూచుకొన్న బాలునకు వేరొక యుపన్యాసము అక్కరలేదు.

తుదిమాట. పూర్తిగా నిషేధించుట సులభమని తోచును. నిషేధించిన యింటి పిల్లవాడు పొరుగింట ఆడును, మనకు తెలియకుండ ఆడును. దానికి బదులు మీరు ఒక సాయంకాలము వాని ప్రక్కన కూర్చుండుడు. వ్యూహమేమని అడుగుడు. వాడు చెప్పినదానిని మరునాటి యుదయము నిజమైన బంతితో చేసి చూపుమనుడు. ఒక బంతి వెల ఆ క్రీడ వెలలో కొద్ది భాగమే. ఒక కంబము, ఒక యినుపవలయము, పది యడుగుల యెత్తు: ఇంతకంటె నైస్మిత్ పండితునకును మొదట ఎక్కువ లేదు. ప్లాట్లనడుమ మిగిలిన ఒక్క జాగానైనను పిల్లల కొరకు విడిచిపెట్టుడని గ్రామసభలో, కాలనీ సంఘములో నోరు తెరచి అడుగవలసినవారము మనమే. పెద్దతలలు అడిగినచో కాదనుటకు జంకుదురు.

తెర మీది బంతి చెడ్డది కాదు. బంతి వెనుక దాగిన సంచియే పరీక్షింపదగినది. ఎద్దు పండ్లు లెక్కించు కన్ను మనకున్నది. ఆ కన్నును ఇచ్చటను తెరచియుంచుడు.